నడవడం కూడా విధేయతే

ధ్యానం కొరకు చదవవలసిన భాగాలు: 2 రాజులు 5:1-14, 1 తిమోతి 4:7-8, అపొస్తలుల కార్యములు 20:13-14



ఈ వారం షుగరు గురించి, బీపీ గురించి, నడక గురించి రాస్తున్నాను. "పాస్టరు గారు డాక్టరు గారెప్పుడయ్యారు?" అని మీలో కొందరు నవ్వుకుంటారు. నేను డాక్టర్ని కాను. ఎవరి మాత్ర పెంచాలో, ఎవరి మాత్ర తగ్గించాలో చెప్పే పని నాది కాదు. అయితే డాక్టరు గారు జబ్బును ఓపీ గదిలో ఐదు నిమిషాలు చూస్తారు. సంఘ కాపరి అదే జబ్బును ఇంట్లో చూస్తాడు, మంచం పక్కన మోకాళ్లూని చూస్తాడు, చివరికి సమాధి దగ్గర మట్టి వేస్తూ చూస్తాడు. పక్షవాతం, గుండెపోటు, కిడ్నీలు పాడవడం, కాలు తీసేయడం. నేను ప్రార్థనకు వెళ్లే ఇళ్లలో ఈ మధ్య ఎక్కువగా వినిపించే మాటలు ఇవే. మంచాన పడినవారు పండు ముసలివారైతే అది వేరే సంగతి. నలభై ఐదు, యాభై ఏళ్లవారు పడుతున్నారు. పెళ్లికి ఎదిగిన ఆడపిల్లలున్న తండ్రులు, కొడుకు చదువు కోసం అప్పు చేసిన తల్లులు పడుతున్నారు. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

ఒక వచనం, ఒక సాకు

"రోజూ కాస్త నడవండి" అని సంఘంలో చెప్పినప్పుడల్లా నాకు ఎదురయ్యే జవాబు ఒకటుంది. "అదేంటండీ అయ్యగారూ, దేహానికి చేసే సాధకం కొంచెమే పనికొస్తుందని పౌలు గారే తిమోతికి రాశారు కదండీ. మనకి భక్తి చాలదాండీ?" బైబిలు బాగా చదివేవారే ఇలా అంటారు. కాబట్టి ముందు ఆ వచనం సంగతి చూద్దాం.

అక్కడ పౌలు రెండు మంచి సంగతులను పక్కపక్కన పెట్టి తూస్తున్నాడు. ఒకటి దేహానికి చేసే సాధకం, రెండోది దైవభక్తి కోసం చేసే సాధకం. మొదటిది ఈ కొద్ది బతుకు వరకే పనిచేస్తుంది. రెండోది ఈ బతుక్కీ, రాబోయే బతుక్కీ పనిచేస్తుంది. కొంచెం అంటే అసలు లేదని అర్థం కాదు. అక్కడున్న గ్రీకు మాట గుమ్నాసియా. ఇప్పుడు మనం జిమ్ అంటున్న మాటకు మూలం అదే. ఆ రోజుల్లో గ్రీకు పట్టణాల్లో వ్యాయామశాలలుండేవి. తిమోతికి వాటి సంగతి తెలుసు. దేహసాధన తప్పని పౌలు అతనితో అనలేదు. పైగా అదే అధ్యాయం మొదట్లో ఆయన ఎవరితో వాదిస్తున్నాడో చూడండి. పెళ్లి వద్దని, కొన్ని ఆహారాలు ముట్టకూడదని బోధించేవారితో. దేహాన్ని చులకన చేసేవారికి వ్యతిరేకంగా రాసిన అధ్యాయాన్ని మనం దేహాన్ని పట్టించుకోకపోవడానికి వాడుకుంటున్నాం. తర్వాతి అధ్యాయంలోనే తిమోతి కడుపు నొప్పి గురించి, తరచుగా వచ్చే జబ్బుల గురించి పౌలుకు ఎంత శ్రద్ధ ఉందో కనిపిస్తుంది.

ఇంకో సంగతి. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో లూకా, మిగిలిన సహోదరులు త్రోయ నుండి అస్సుకు ఓడ ఎక్కారు. పౌలు మాత్రం తాను కాలినడకన వస్తానని చెప్పి, అలాగే ఏర్పాటు చేసుకున్నాడు. సుమారు 30 కిలోమీటర్ల దారి. ఓడ సిద్ధంగా ఉంది, తోడు ఉంది, టికెట్టు బాధ లేదు. అయినా నడిచాడు. ఎందుకు నడిచాడో లూకా రాయలేదు, నేనూ కల్పించను. భక్తికి నడక అడ్డమని మాత్రం పౌలు అనుకోలేదు. ఆయన పక్కన ఉన్న లూకా వైద్యుడన్న సంగతి కూడా గుర్తుంచుకోండి.

మన ఊళ్లలో ఏం మారింది?

మా అప్పనపల్లి పేరు చెబితే చాలామందికి బాల బాలాజీ గుడి గుర్తొస్తుంది. గుడి, రేవు, ఏటిగట్టు, కొబ్బరి తోటలు. బోడసకుర్రు, పాశర్లపూడి మధ్య వంతెన రాకముందు ఏరు దాటాలంటే పంటు ఎక్కాలి. రేవు దాకా నడవాలి, అవతల దిగి మళ్లీ నడవాలి. మా పెద్దలు ఆదివారం ఆరాధనకు, సంతకు, కూలికి, చుట్టాల ఇంటికి, అన్నిటికీ నడిచే వెళ్లారు. ఆడవాళ్లు మోకాలి లోతు బురదలో నాట్లు వేసేవారు, కోతలు కోసేవారు, కుప్పలు నూర్చేవారు. మగవాళ్లు దింపు తీసేవారు, కాయ వలిచేవారు, కావిడి మోసేవారు. సాయంత్రానికి ఒళ్లు పులిసిపోయి, ఎంత అన్నం పెట్టినా అరిగిపోయేది.

ఇప్పుడు వరి కోతకు మిషను వచ్చింది. నీళ్లకు మోటారు, పచ్చడికి మిక్సీ, బట్టలకు వాషింగ్ మెషిను, చర్చికి మోటారు సైకిలు వచ్చాయి. ఇవన్నీ మంచివే, వద్దనను. కానీ కంచంలో అన్నం మాత్రం నాటు వేసే రోజుల్లో ఎంత పెట్టుకున్నామో అంతే పెట్టుకుంటున్నాం. దానిమీద టీలు, కూల్‌డ్రింకులు, బేకరీ సరుకు అదనం. మన గోదావరి జిల్లాల మర్యాద మీకు తెలియనిది కాదు. చాలు చాలంటున్నా ఇంకో గరిటె పడాల్సిందే. ప్రార్థనకు నాలుగిళ్లకు వెళితే నాలుగు కప్పుల తియ్యటి కాఫీ. ఒద్దంటే, "మా ఇంట్లో తాగరాండీ?" అని మొహం చిన్నబుచ్చుకుంటారు.

ఇది నా ఊహ కాదు. 2003, 2004 సంవత్సరాల్లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల్లో ఒక పెద్ద పరిశీలన జరిగింది. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ అని దాని పేరు. అప్పటికి మన కోనసీమ తూర్పు గోదావరిలో భాగమే. సుమారు 1,80,000 జనాభా ఉన్న ఆ ఊళ్లలో ఒక సంవత్సరంలో చనిపోయిన 1,354 మంది ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు వెళ్లారు. ఎలా పోయారు, ముందు ఏ బాధ ఉంది, చివరి రోజుల్లో ఏం జరిగింది అని ఇంటివారిని కూర్చోబెట్టి అడిగారు. వచ్చిన జవాబులను డాక్టర్లు చదివి కారణం తేల్చారు. నూటికి 32 మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. అంటే గుండెపోటు, పక్షవాతం. అంటువ్యాధుల వల్ల పోయినవారు నూటికి 12 మంది. పల్లెటూళ్లలో జనం కలరాకో జ్వరానికో పోతారు, గుండెపోట్లు పట్నం బాబులకు వస్తాయి అనుకునే కాలం అప్పటికే వెళ్లిపోయింది. అదే ప్రాంతంలో 30 ఏళ్లు దాటినవారిని పరీక్షిస్తే నూటికి సుమారు 13 మందికి షుగరు తేలింది. వారిలో చాలామందికి ఆ సంగతే తెలియదు.

అది ఇరవై ఏళ్ల కిందటి లెక్క. 2023లో భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటి లెక్క బయటపెట్టింది. 10 కోట్ల 10 లక్షల మందికి షుగరు. మరో 13 కోట్ల 60 లక్షల మంది షుగరు అంచున ఉన్నారు. ఆ అంచున ఉన్నవారి గురించే నాకు ఎక్కువ ఆలోచన. ఎందుకంటే అక్కడినుండి వెనక్కి తిరిగే అవకాశం ఇంకా ఉంది.

కండలో పెట్టిన తలుపు

నడిస్తే షుగరు ఎలా తగ్గుతుందని మా యవ్వనస్థుల కూడికలో ఒకబ్బాయి అడిగాడు. నేను చదివి అర్థం చేసుకున్నంత చెబుతాను.

మనం తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలోకి వస్తుంది. ఆ చక్కెర కండల్లోకి వెళ్లాలంటే ఇన్సులిన్ అనే తాళంచెవి కావాలి. షుగరు జబ్బులో ఆ తాళంచెవి సరిగా తిరగదు. చక్కెర వీధిలోనే ఉండిపోతుంది. అయితే కండ పనిచేస్తున్నప్పుడు, అంటే నడుస్తున్నప్పుడు, తవ్వుతున్నప్పుడు, బరువు ఎత్తుతున్నప్పుడు, లోపలినుండి ఇంకో తలుపు తెరుచుకుంటుంది. దానికి ఇన్సులిన్ తాళంచెవి అక్కర్లేదు. కండ తనంతట తానే చక్కెరను లోపలికి తీసుకుంటుంది. నడక ఆపాక కూడా ఒకటి రెండు రోజుల పాటు ఇన్సులిన్ మాట ఆ కండ బాగా వింటుంది. అందుకే వరుసగా రెండు రోజులకు మించి నడక మానవద్దని చెబుతారు. భోజనం చేశాక పది పదిహేను నిమిషాలు నడిచినా, అప్పుడే రక్తంలోకి వస్తున్న చక్కెర తగ్గడానికి అది పనికొస్తుంది.

కండకు ఈ శక్తి ఎక్కడినుండి వస్తుందన్న రహస్యాన్ని వెలికి తీసినవారిలో మన గోదావరి బిడ్డ ఒకరున్నారు. వశిష్ఠ అవతల, భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అమెరికాలో హార్వర్డ్‌లో పనిచేస్తూ, ఫిస్కే అనే ఆచార్యుడితో కలిసి 1927లో కండలో శక్తిని దాచి ఉంచే ఫాస్ఫోక్రియాటిన్‌ను, తర్వాత 1929లో ఏటీపీని వెలుగులోకి తెచ్చారు. మనం వేసే ప్రతి అడుగుకూ ఖర్చయ్యే నాణెం ఆ ఏటీపీ. నేను ఇవి చదివినప్పుడు దావీదు కీర్తన గుర్తొచ్చింది. తల్లి గర్భంలో తనను నిర్మించిన విధానం చూసి ఆశ్చర్యపోయి దేవుణ్ణి స్తుతించిన కీర్తన అది. జబ్బు వచ్చిన ఒంట్లో కూడా దేవుడు ఒక పక్క తలుపు ఉంచాడు. దాన్ని తెరవడానికి డబ్బు ఖర్చు లేదు.

రుజువులు కావాలంటే ఉన్నాయి. లండన్ నగరంలో రెండంతస్తుల బస్సులుండేవి. జెర్రీ మోరిస్ అనే డాక్టరు అక్కడి బస్సు ఉద్యోగుల్ని పరిశీలించి 1953లో ఫలితాలు ప్రచురించాడు. డ్రైవరు రోజంతా కూర్చుని ఉంటాడు. కండక్టరు టికెట్లు కొడుతూ రోజుకు వందల మెట్లు ఎక్కి దిగుతాడు. ఒకే బస్సు, ఒకే కంపెనీ. అయినా డ్రైవర్లతో పోలిస్తే కండక్టర్లకు గుండె జబ్బు బాగా తక్కువగా వచ్చింది, వచ్చినా తక్కువమంది చనిపోయారు. మనకు దగ్గరలో, చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ గారి బృందం షుగరు అంచున ఉన్న 531 మందిని మూడేళ్లు చూసి, 2006లో ఫలితం చెప్పింది. ఏమీ చేయనివారిలో నూటికి 55 మందికి షుగరు వచ్చింది. రోజూ కనీసం అరగంట నడక, తిండిలో మార్పు పాటించినవారిలో నూటికి 39 మందికే వచ్చింది. ముందు జాగ్రత్తగా మాత్ర వేసినవారిలోనూ దాదాపు అంతే. మాత్ర ఎంత కాపాడిందో, నడక, తిండి కలిసి అంతే కాపాడాయి. అమెరికాలో 2002లో వచ్చిన పరిశోధనలోనైతే వారానికి 150 నిమిషాల నడక, కొంత బరువు తగ్గడం కలిసి మాత్ర కంటే ఎక్కువ మేలు చేశాయి. మాత్ర వల్ల 31 శాతం తగ్గితే, వీటివల్ల 58 శాతం తగ్గింది.

ఇది రాకుండా ఆపే సంగతి. వచ్చేసిన వారికి? వచ్చేసినవారికి కూడా నడక మందులో భాగమే, మందుకు బదులు కాదు. ఈ తేడా దగ్గరే మన సంఘాల్లో ప్రాణాలు పోతున్నాయి.

ఆసా రాజు కాళ్లు

కొన్నేళ్ల క్రితం మాకు తెలిసిన ఒక సహోదరుడు స్వస్థత కూటానికి వెళ్లాడు. అతనికి చాలాకాలంగా బీపీ ఉంది. అక్కడ బోధించిన వ్యక్తి మాత్రలు వేసుకోవడం అవిశ్వాసమన్నాడు. సహోదరుడు మాత్రలు మానేశాడు. ఇంటికొచ్చి చాలా సంతోషంగా సాక్ష్యం చెప్పాడు, ఒంట్లో తేలిగ్గా ఉందన్నాడు. బీపీకి నొప్పి ఉండదు కదా, పెరిగినా తెలియదు. నెలలు తిరగకుండానే ఒక తెల్లవారుజామున పెరట్లో పడిపోయాడు. తలలో రక్తనాళం చిట్లింది. కాకినాడ తీసుకెళ్లేలోపే అయిపోయింది. ఆ ఇంట్లో చిన్నపిల్ల నన్ను, "నాన్నకి విశ్వాసం తక్కువైందా అయ్యగారూ?" అని అడిగింది. ఆ పిల్ల గుండెల్లో ఆ ప్రశ్న నాటినవారు దేవునికి లెక్క చెప్పాలి. "లేదమ్మా, మీ నాన్న విశ్వాసం గట్టిదే. ఆయనకి చెప్పిన మాటే తప్పు" అన్నాను.

మందులు వద్దనేవారు ఎత్తి చూపే వచనం ఆసా రాజుది. 2 దినవృత్తాంతములు 16వ అధ్యాయం. ముసలితనంలో అతని కాళ్లకు పెద్ద జబ్బు చేసింది. అతడు యెహోవాను వెతకలేదు, వైద్యులను మాత్రమే వెతికాడు. జాగ్రత్తగా చదవండి. వైద్యుల దగ్గరకు వెళ్లినందుకు అతన్ని తప్పుపట్టలేదు. దేవుణ్ణి విడిచిపెట్టినందుకు తప్పుపట్టారు. ఆ అధ్యాయమంతా అదే కథ. యుద్ధంలోనూ దేవుణ్ణి అడగకుండా సిరియా రాజుకు వెండి బంగారాలు పంపాడు. జబ్బులోనూ అంతే చేశాడు. 2 రాజులు 20వ అధ్యాయంలో హిజ్కియా రాజు ఏడ్చి ప్రార్థించాడు, దేవుడు విన్నాడు, ఆ తర్వాత యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద పుండుమీద పెట్టించాడు. ప్రార్థన, మందు ఒకే మంచం దగ్గర కలిశాయి. మనం కూడా మాత్ర చేతిలో పెట్టుకుని ప్రార్థన చేద్దాం, ప్రార్థన చేసి మాత్ర వేసుకుందాం, మాత్ర వేసుకుని నడుద్దాం. నడకతో షుగరు తగ్గితే, మాత్ర తగ్గించాలా అన్నది డాక్టరు గారు రిపోర్టు చూసి చెప్పాలి. పాస్టరు చెప్పకూడదు, పక్కింటివారు చెప్పకూడదు.

ఐగుప్తు నడక, అరణ్యం నడక

మా సంఘంలో ఒక అక్క ఉంది. పద్నాలుగేళ్లు కువైట్‌లో ఒక పెద్ద ఇంట్లో పనిచేసి, పిల్లల్ని చదివించి, డాబా ఇల్లు కట్టుకుని వచ్చింది. వచ్చిన రెండేళ్లకు షుగరు, బీపీ రెండూ తేలాయి. నడవమని చెబితే ఆమె అన్న మాట నన్ను చాలా రోజులు ఆలోచింపజేసింది. "మూడంతస్తుల ఇంట్లో పద్నాలుగేళ్లు మెట్లెక్కి దిగానండి. మా అమ్మ బతుకంతా గట్ల మీద నడిచింది. ఇప్పుడైనా నన్ను కూర్చోనివ్వండి అయ్యగారూ."

దీనికి తేలిక జవాబు లేదు. నడక ఆరోగ్యమని పత్రికల్లో రాసేవారికి ఈ మాట వినిపించదు. మన జనానికి నడక అంటే లేమి. బండి లేనివాడు నడుస్తాడు, కూలికి పోయేవాడు నడుస్తాడు. కూర్చోవడమంటే గౌరవం. పనేమీ లేకుండా రోడ్డు మీద నడిచే ఆడమనిషిని చూసి, "పనీ పాటా లేదా?" అనే లోకం మనది. ఆ అక్కకు విశ్రాంతి తీసుకునే హక్కు ఉంది. ద్వితీయోపదేశకాండములో దేవుడు విశ్రాంతి దినం ఇచ్చినప్పుడు చెప్పిన కారణమే అది. మీరు ఐగుప్తులో దాసులు, నేను మిమ్మల్ని విడిపించాను, కాబట్టి మీరూ, మీ దాసదాసీలూ విశ్రమించండి అన్నాడు.

కానీ ఆ విడిపించిన దేవుడే వాళ్లను నడిపించాడు కూడా. ఐగుప్తులో వాళ్లు కొరడా కింద నడిచారు. అరణ్యంలో దేవుడి వెంట నడిచారు. కాళ్లు అవే, నడిపించేవారు వేరు. నలభై ఏళ్లు నడిచినా వాళ్ల కాళ్లు వాయలేదని మోషే గుర్తుచేశాడు. షుగరు వల్ల కాలి పుండ్లు చూస్తున్న నాకు ఆ మాట ఎంత విలువైనదో ఇప్పుడు తెలుస్తోంది. ఆ అక్కతో ఇంతే చెప్పాను. "అక్కా, అక్కడ సేటు కోసం నడిచావు. ఇప్పుడు ఎవరి కోసమూ కాదు, నీ కాళ్ల కోసం నడువు. నీ కాళ్లు నీకు కావాలి, నీ మనవలకు కావాలి." ఆమె గట్టు మీదకు రాలేదు. డాబా పైన, ఫోనులో క్రీస్తు పాటలు పెట్టుకుని, ఆరు పాటలు అయ్యేదాకా నడుస్తుంది. అది సుమారు అరగంట. నాకు అది చాలు.

నయమాను చేయలేకపోయిన చిన్న పని

నయమాను కథలో నాకు ఎప్పుడూ ఆశ్చర్యం అతని కుష్ఠు కాదు, అతని కోపం. సైన్యాధిపతి. వెండి, బంగారం, బట్టలు తెచ్చుకున్నాడు. ప్రవక్త బయటికి వచ్చి చెయ్యి ఆడించి ఏదో గొప్ప కార్యం చేస్తాడనుకున్నాడు. ఎలీషా బయటికే రాలేదు. ఒక మనిషితో కబురు పంపాడు, యొర్దానులో ఏడుసార్లు మునగమని. మా ఊరి నదులు ఇంతకంటే మంచివి కావా అని నయమాను మండిపడ్డాడు. అప్పుడు దాసులు దగ్గరకొచ్చి అడిగారు, ప్రవక్త ఏదైనా కష్టమైన పని చెబితే చేసేవాడివి కదా తండ్రీ, ఇంత తేలికైనది ఎందుకు చేయవు అని.

మన పరిస్థితి అదే. ఆపరేషనుకు నాలుగు లక్షలు కావాలంటే పొలం తాకట్టు పెడతాం. హైదరాబాదు వెళ్లమంటే వెళ్తాం. డయాలసిస్ కోసం వారానికి రెండు మూడు సార్లు ఆస్పత్రి చుట్టూ తిరుగుతాం. దానికి ముందే రోజూ అరగంట నడవమంటే, అది చిన్న పని గనుక చేయం. ఏడుసార్లు మునగమంటే మూడుసార్లు మునిగి, ఏమీ కాలేదని ఒడ్డెక్కేస్తాం. నడకకు కూడా ఫలితం మూడో రోజున కనబడదు. మూడు నెలల సగటు పరీక్ష చేయిస్తే అప్పుడు కనబడుతుంది. విధేయత అంటే గొప్ప పని ఒక్కసారి చేయడం కాదని, చిన్న పని ఆపకుండా చేయడమని నేను నమ్ముతున్నాను.

మా సంఘంలో కిందటి శ్రమకాల దినాల్లో నలభై రోజులు ఒక ప్రయత్నం చేశాం. తెల్లవారుజామున ఐదింటికి ప్రార్థన, అది అయ్యాక ఏటిగట్టు మీద నడక. మొదటిరోజు ఐదుగురు ఆడవాళ్లు వచ్చారు, నైటీల మీద చున్నీలు కప్పుకుని, చేతిలో టార్చిలైట్లతో. గట్టు మీద పురుగూ పుట్రా ఉంటాయి కదా. ఒకాయన బండి ఆపి, "ఏంటి పిన్నీ, ఇంత పొద్దున్నే ఎక్కడికి?" అన్నాడు. ఒక పెద్దావిడ తడుముకోకుండా, "దింపుకి వెళ్తున్నాం బాబూ. కాయలు కాదు, షుగరు" అంది. ఆ మాట పేటంతా పాకింది. మర్నాటినుండి నవ్వేవారు తగ్గారు, వచ్చేవారు పెరిగారు. పండగ అయ్యాక కొందరు మానేశారు. కొందరు ఇంకా నడుస్తున్నారు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి లేవని ఒక తమ్ముడు, ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పినట్టు చేస్తూ, ముందు వసారాలో ఆ చివరినుండి ఈ చివరికి నడిచాడు. ఇప్పుడు భార్య భుజం పట్టుకుని ఆరాధనకు నడిచి వస్తున్నాడు. స్వస్థత అంటే ఒక్క క్షణంలో జరిగేది మాత్రమే అనుకునేవారు, ఆ తమ్ముడు గుమ్మం దాటి లోపలికి వచ్చే ఆదివారం మా చర్చిలో కూర్చోవాలి.

నడవాలనుకునేవారికి

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి 150 నుండి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ. రోజుకు అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు. అరగంట ఒకేసారి కుదరకపోతే పదేసి నిమిషాలు మూడుసార్లు. వేగం ఎంతంటే, పక్కవారితో మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేకపోవాలి. పాట హాయిగా పాడగలుగుతున్నారంటే ఇంకాస్త వేగం పెంచవచ్చు. వారానికి రెండు రోజులు కండకు బలం కావాలి. బిందె ఎత్తడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం లాంటివి చాలు. పెద్దవారు గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడడం అలవాటు చేసుకుంటే పడిపోకుండా ఉంటారు.

"ఇంటి పని సరిపోదాండీ?" అని అక్కలు అడుగుతారు. ఊపిరి వేగం పెరిగేంత పనైతే సరిపోతుంది. పొలం పనికి, ఉపాధి పనికి వెళ్లేవారికి ఆ రోజు వేరే నడక అక్కర్లేదు. వారికి కావలసింది నిద్ర.

షుగరున్నవారు చెప్పులు లేకుండా నడవకండి. మన ఇసుక నేలల్లో ముల్లు గుచ్చుకున్నా కొందరికి తెలియదు. ఇంటికి రాగానే పాదాలు కడిగి, వేళ్ల మధ్య తుడిచి, అడుగుభాగం చూసుకోండి. కళ్లు కనబడకపోతే మనవడిని చూడమనండి. పాదాలు కడగడం మన ప్రభువు చేసిన పనే, సిగ్గుపడనక్కర్లేదు. ఇన్సులిన్ వేసుకునేవారు, కొన్ని రకాల మాత్రలు వాడేవారు పరగడుపున ఎక్కువ నడిస్తే షుగరు బాగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తే వెంటనే పంచదార నోట్లో వేసుకోవాలి. జేబులో పొట్లం ఉంచుకోండి. గుండె జబ్బున్నవారు, బీపీ బాగా ఎక్కువున్నవారు డాక్టరు గారిని అడిగి మొదలుపెట్టండి. నడుస్తుంటే ఛాతీలో బరువు, దవడకో ఎడమచేతికో లాగడం, ఊపిరాడకపోవడం ఉంటే అక్కడే ఆగండి, 108కి ఫోను చేయండి. మోకాళ్లు అరిగినవారు కుర్చీలో కూర్చునే చేయగల వ్యాయామాలున్నాయి, నేర్పమని అడగండి. 30 ఏళ్లు దాటిన ప్రతివారూ ఏడాదికోసారైనా బీపీ, షుగరు చూపించుకోండి. ఊళ్లోని ఆరోగ్య కేంద్రంలో చూస్తారు, ఆశా అక్కను అడిగితే చెబుతుంది.

సంఘ పెద్దలకు, తోటి దైవసేవకులకు ఒక మనవి. 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఇంగ్లీషు మిషనరీలు మన గోదావరి డెల్టాకు సువార్త తెచ్చేందుకు బయలుదేరి వచ్చారు. ఒకరు రాతిపని చేసేవారు, ఒకరు చెప్పులు కుట్టేవారు. ఈ గట్లమీద సువార్త ముందుగా నడిచే వచ్చింది. మనం వారానికి ఒక్కరోజైనా బండి షెడ్డులో ఉంచి, ఇళ్లకు నడిచి వెళదాం. దారిలో ఎంతమంది పలకరిస్తారో చూడండి. బండి మీద పోయేవాడికి ఎవరూ తమ కష్టం చెప్పుకోరు.

ప్రార్థన

ప్రేమగల తండ్రీ, మా దేహాలు నీవు చేసినవి, నీవు కొన్నవి. వాటిని పూజించకుండా, పాడుచేయకుండా కాపాడుకునే బుద్ధి దయచేయుము. మంచాన ఉన్నవారిని నీ చేతితో తాకుము. మందు ఇచ్చే చేతులను దీవించుము. మాత్రలు మానేసి ప్రమాదంలో ఉన్నవారికి ఈ రోజే మంచి మాట వినిపించుము. కూలి బతుకులో అలసిపోయిన కాళ్లకు విశ్రాంతినిమ్ము, కూర్చుని బరువెక్కిన కాళ్లకు కదలికనిమ్ము. రేపు ఉదయం లేచి మొదటి అడుగు వేసేవారికి తోడుగా నడువుము. ఎమ్మాయు దారిలో ఇద్దరితో నడిచిన యేసు నామములో వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.